పాలక్యాను ప్రమాణం

పాతబడడానికి కూడా ప్రభుత్వ అనుమతి కావాలన్న సంగతి మా కార్యాలయం పుట్టేదాకా జిల్లాలో ఎవరికీ తెలియదు. మా కార్యాలయం పేరు పురాతన వాహన ప్రామాణీకరణ సంస్థ. కాకినాడలో ఎరువుల గోడౌను మీద రెండో అంతస్తులో ఉంటుంది. నేను అక్కడ జూనియర్ అసిస్టెంటుని, పేరు లక్ష్మణాచారి. యాభై ఏళ్ళు దాటిన ప్రతి మోటారు బండినీ మేము పరీక్షించి అసలుతన ధ్రువపత్రం ఇస్తాము. ఇస్తే ఆ బండి వారసత్వ సంపద. ఇవ్వకపోతే నకిలీ. నకిలీ అని తేలినదాన్ని ముప్ఫై రోజుల తర్వాత తుక్కు యంత్రంలో వేసి ఘనాకారంలోకి మారుస్తాము. ఘనాకారం అన్న మాట నాది కాదు, నిబంధనల్లోనే ఉంది.

సంస్థకి డైరెక్టరు డాక్టర్ చయనులు గారు. ఆయన డాక్టరేటు ప్రాచీన నాణేల మీద. బండి నడపడం రాదు. నడపడం వచ్చినవాడికి బండి మీద అభిమానం ఉంటుందనీ, అభిమానం ఉన్నచోట నిష్పాక్షికత ఉండదనీ ఆయన ప్రతి సమావేశంలోనూ చెప్తారు. మేము ప్రతి సమావేశంలోనూ తలలూపుతాము.

నిబంధన ఏడు ప్రకారం ప్రతి కంపెనీ బండికీ ఒక ప్రామాణిక నమూనా ఉండాలి. మిగతా బండ్లని దాని పక్కన నిలబెట్టి పోల్చాలి. అన్ని కంపెనీలకీ నమూనాలు దొరికాయి గానీ, బ్రాడ్‌వెల్ అనే ఇంగ్లీషు మోటారు సైకిళ్ళ కంపెనీ దగ్గర పని ఆగిపోయింది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. బొమ్మల పుస్తకం కూడా ఎక్కడా లేదు. మా జిల్లాలో మాత్రం పొగాకు దొరలు వదిలిపోయిన బ్రాడ్‌వెల్ బండ్లు ఇరవై మూడు ఉన్నాయి. నమూనా నివేదిక పంపవలసిన గడువు దగ్గర పడింది. డైరెక్టరు గారు అందరి ముఖాలూ చూస్తున్నారు. నా ప్రమోషను ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. ఆ కంగారులో నేను నోరు జారాను.

"మా బావ దగ్గర ఒక బ్రాడ్‌వెల్ ఉందండి," అన్నాను.

బ్రాడ్‌వెల్ ఇంజను ఉన్న బండి ఉందండి అని చెప్పాల్సింది. ఒక్క మాట మింగాను. ఆ మాట ఖరీదు ఎంతో తర్వాత తెలిసింది.

మా బావ వీరభద్రాచారి మండపేటలో ఉంటాడు. రైసుమిల్లుల్లో బేరింగులు బిగించడం ఆయన వృత్తి. ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత ఇనుముతో మోటారు సైకిళ్ళు కట్టడం ఆయన ప్రాణం. కట్టడం అనే అంటాడు, ఇల్లు కట్టినట్టు. నేను చెప్పిన బండిని ఆరేళ్ళు కట్టాడు. పొగాకు ఆరబెట్టే బారను వెనక దొరికిన బ్రాడ్‌వెల్ ఇంజను ఒక్కటే అందులో అసలుది. పెట్రోలు ట్యాంకు నలభై లీటర్ల పాలక్యాను, అడ్డంగా పడుకోబెట్టి ఇత్తడి పట్టీలతో బిగించినది. ట్యాంకు మూత మీద గాలి ఆడడానికి ప్రెషర్ కుక్కరు విజిలు. హ్యాండిలు మడతమంచం గొట్టం. మడ్‌గార్డులు ఇసక మోసే గమేళాలు, అంచులు కొట్టి వంచినవి. ఇంత వింత బండి అయినా చూస్తే నవ్వు రాదు. చేతి పని అంత ముచ్చటగా ఉంటుంది.

జిల్లాలోని ఇరవై మూడు బ్రాడ్‌వెల్ బండ్లలో ఒకటి కూడా మండపేటలోనే ఉంది. అది పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన జోసెఫ్ రత్నం గారిది. ఆయనకి డెబ్బై తొమ్మిదేళ్ళు. ఇరవై మూడో ఏట పొగాకు దొరల వేలంలో కొన్నారు. ఆ బండి మీదే చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి కొన్ని వేల గేదెలకి సూదులు వేశారు. ఇప్పటికీ ప్రతి ఆదివారం భార్య సుగుణమ్మ గారిని వెనక కూర్చోబెట్టుకుని చర్చికి వెళ్తారు. ఆవిడకి మోకాళ్ళు పోయాయి, ఆటో ఎక్కలేరు. ఈ బండి సీటు మాత్రం ఆవిడకి సరిగ్గా ఎత్తు. బండిలో ఒక్క మర కూడా మారలేదు. దానికి నూనె వెయ్యాల్సి వస్తే మా బావ ముందు చెప్పులు విప్పుతాడు.

దసరా మర్నాడు కమిటీ మండపేట వచ్చింది. డైరెక్టరు గారు, కొలతల అధికారి భానుమూర్తి గారు, ఫైలు పట్టుకుని నేను. ముందురోజు ఆయుధపూజ అయింది గనక షెడ్డులో సుత్తి, పటకారు, డ్రిల్లు, అన్నీ పసుపు కుంకుమలతో ఉన్నాయి. మా అక్క కామాక్షి బండికి కూడా పాలక్యాను పొడుగునా పసుపు రాసి బొట్లు పెట్టింది.

డైరెక్టరు గారు బండి చుట్టూ మూడుసార్లు తిరిగారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"దీని ప్రాచీనత గాలిలోనే తెలుస్తోంది," అన్నారు.

మా బావ చేతులు కట్టుకుని చెప్పాడు. "ఇది నేను సేసిందండి. ఇంజనొకటే పాతది. ఇది మా పాలక్యానండి. ఇది మా ఇంటోదే, కుక్కరు విజిలు."

"పాత చేతిపనివాళ్ళ వినయం ఇలాగే ఉండేది," అని డైరెక్టరు గారు నాతో అన్నారు. "తమ దగ్గరున్న దాని విలువ తమకే తెలియదు. రాసుకోండి. ట్యాంకు స్తూపాకారం, ఇరుకు మెడ. ఉష్ణమండల దేశాల కోసం కంపెనీ ప్రత్యేకంగా రూపొందించినది. మూతపై ఆవిరి నియంత్రణ కవాటం."

భానుమూర్తి గారు టేపు తీసి బొట్లు కొలిచారు. మొత్తం పదకొండు. ఒక్కోటి పన్నెండు మిల్లీమీటర్లు.

"పసుపు పూత మీద పదకొండు ఎర్రని వృత్తాలు. తయారీదారుల ముద్ర," అన్నారు.

"నిన్న నేనే పెట్టానండి," అంది మా అక్క కాఫీ గ్లాసులు అందిస్తూ.

"అంటే ముద్రను ఏటా పునరుద్ధరిస్తున్నారన్నమాట. ఇది కూడా రాసుకోండి, లక్ష్మణాచారీ. సజీవ సంప్రదాయం."

నేను రాసుకున్నాను. మా అక్క నా వంక చూసిన చూపు గురించి మాత్రం ఏమీ రాసుకోలేదు.

అదే సమయానికి రత్నం గారు సైలెన్సరు బిగించుకోవడానికి తన బండి మీద వచ్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అసలు బ్రాడ్‌వెల్ కళ్ళెదురుగా నిలబడితే కమిటీకి తేడా తెలుస్తుందనుకున్నాను. డైరెక్టరు గారికి తేడా తెలిసింది. రత్నం గారి బండి నల్లగా నిగనిగలాడుతోంది. ఎక్కడా తుప్పు చుక్క లేదు.

"ఇది నిన్న మొన్న చేసినట్టుందే," అన్నారాయన పెదవి విరిచి. "పాతది ఇంత శుభ్రంగా ఎలా ఉంటుంది?"

"రోజూ తుడుస్తానండి," అన్నారు రత్నం గారు.

"అదే అనుమానాస్పదం," అన్నారు డైరెక్టరు గారు.

పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. వీరభద్రాచారి ఆధీనంలోని వాహనమే బ్రాడ్‌వెల్ ప్రామాణిక నమూనా అని గజెట్టులో అచ్చయింది. వెంటనే మిగతా బండ్లకి తాఖీదులు బయల్దేరాయి. వాటిని టైపు చేసింది నేనే. రత్నం గారికి వెళ్ళినది నాకు కంఠతా వచ్చేసింది. "తమ వాహనము ప్రామాణిక నమూనాతో సరిపోల్చగా పద్నాలుగు లోపములు కనుగొనబడినవి. స్తూపాకార ట్యాంకు లేదు. ఆవిరి కవాటము లేదు. ఎర్రని వృత్తములు పదకొండుకు గాను శూన్యము. కావున సదరు వాహనము నకిలీ అని ప్రాథమికముగా భావించడమైనది. ముప్పది దినములలో అసలు రూపమునకు తీసుకురానిచో ఘనాకారమునకు మార్చబడును."

తాఖీదు చదివిన రోజే మా బావ మిల్లు పని ఎగ్గొట్టి కాకినాడ బస్సెక్కాడు. డైరెక్టరు గారి గదిలో నిలబడి ఒక్కో మాటా నొక్కి చెప్పాడు.

"అయ్యా, ఆ బండి నేనే కట్టానండి. దానికి పేరు లేదు, ఊరు లేదు. దాన్ని సూసి రత్నం గారి బండిని దొంగదంటే నేను అన్నం తినలేనండి."

"నువ్వే చేశావనడానికి సాక్ష్యం?" అన్నారు డైరెక్టరు గారు.

"నా సేతులేనండి."

"చేతులు దస్తావేజు కాదు. తయారీ లైసెన్సు ఉందా? నమూనా చిత్రాలు? ఏవీ లేనప్పుడు, ప్రభుత్వం గుర్తించిన వారసత్వ సంపదని నేనే చేశానని చెప్పుకోవడం నేరం. నువ్వు మా లక్ష్మణాచారికి బావవి గనక ఒక అవకాశం ఇస్తున్నాను. నిజంగా నువ్వే చేసినవాడివైతే, కమిటీ సమక్షంలో ఇంకొకటి చెయ్యి."

మా బావ ముఖం వెలిగింది. పాపం, ఆయన దాన్ని పరీక్ష అనుకున్నాడు.

షెడ్డులో కమిటీకి మూడు కుర్చీలు వేశారు. నాలుగు రోజులు వాళ్ళు కూర్చున్నారు. మా అక్క ఉప్మాలు చేసింది, పెసరట్లు వేసింది, మనసులో తిట్టుకుంది. మొదటి రోజు పొద్దున్నే మా బావ భానుమూర్తి గారిని వెంటబెట్టుకుని బజారుకి వెళ్ళాడు. పాత్రల కొట్లో పాలక్యాను, కుక్కరు విజిలు ఆయన ఎదురుగానే కొన్నాడు. రెండు గమేళాలు సిమెంటు కొట్లో దొరికాయి. ఆరేళ్ళు వెతుక్కుంటూ కట్టినదాన్ని ఈసారి తెలిసిన దారిలో కట్టాడు. మూల పడి ఉన్న ఇంకో పాత ఇంజను ఎక్కించి నాలుగో రోజు మధ్యాహ్నం కిక్కు కొడితే బండి పలికింది. రెండు బండ్లూ పక్కపక్కన నిలబడితే ఏది మొదటిదో మా అక్క కూడా చెప్పలేకపోయింది.

మా బావ చెమట తుడుచుకుని, "సూశారు కదండి," అన్నాడు.

డైరెక్టరు గారు లేచి నా చేతిలో ఫైలు తీసుకుని స్వయంగా రాశారు. రాసి, పైకి చదివారు. "మండపేటలో రెండవ నమూనా విడిభాగాల రూపంలో వెలుగులోకి వచ్చినది. స్థానిక కార్మికుడు వాటిని నాలుగు దినములలో జోడించగలిగినాడు. ఇంత సులువుగా జోడింపబడుటయే ఇది కంపెనీ అసలు రూపకల్పన అనుటకు తిరుగులేని నిదర్శనము."

"కొన్నదంతా మన కళ్ళెదుటేనండి," అని నేను గొణిగాను. "పాత్రల కొట్లో."

"అవును. అది చాలా తీవ్రమైన విషయం," అన్నారాయన.

వారంలో ఆ తీవ్రత అందరికీ అర్థమైంది. నలభై లీటర్ల పాలక్యాను వారసత్వ విడిభాగమని ఇంకో ఉత్తర్వు వచ్చింది. పాత్రల కొట్టుకి అధీకృత విక్రేత బోర్డు కట్టారు. మండపేట పాలకేంద్రానికి తాఖీదు వెళ్ళింది: పురాతన ట్యాంకులలో పాలు పోయుట తక్షణము నిలిపివేయవలెను. పాలకేంద్రం వాళ్ళు బకెట్లు తెచ్చుకున్నారు. గమేళాల్లో ఇసక మోస్తున్న తాపీ పనివాళ్ళని భానుమూర్తి గారు రోడ్డు మీద ఆపి హెచ్చరించారు. కుక్కరు విజిలు గురించి కూడా ఆలోచన జరిగింది గానీ, డైరెక్టరు గారి ఇంట్లో కూడా పప్పు ఉడకాలి గనక ఆ ఫైలు పెండింగులో పెట్టారు.

ఇంతలో జిల్లాలో మిగతా బ్రాడ్‌వెల్ యజమానులు బండ్లని అసలు రూపానికి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. మా బావ ఎవరి బండీ ముట్టుకోనన్నాడు. వాళ్ళు గేట్లకి వెల్డింగు చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళారు. డెబ్బై ఏళ్ళ నాటి ట్యాంకులు కోసి పడేసి పాలక్యానులు అతికించారు. హ్యాండిళ్ళు పీకి మంచం గొట్టాలు పెట్టారు. ఇరవై రెండు బండ్లు అలా పాసయ్యాయి. ఒక్కో ధ్రువపత్రం మీద ముద్ర వేసేటప్పుడు ఆ బండి వంక చూసేవాణ్ణి కాను. అయినా వేశాను. ఉద్యోగం కదా.

రత్నం గారిది ఒక్కటే మిగిలింది. గడువు ఇంకా రెండు రోజులుంది. ఆదివారం చర్చి అయ్యాక ఆయన, సుగుణమ్మ గారు తిన్నగా షెడ్డుకి వచ్చారు. బండికి కట్టిన సంచిలో కొత్త పాలక్యాను ఉంది. నేను కూడా అక్కడే ఉన్నాను. తలెత్తలేకపోయాను.

"కోసెయ్ ఆచారీ," అన్నారు రత్నం గారు. "గేట్లు చేసేవాడి చేతుల్లో పెట్టలేను. నువ్వైతే నొప్పి తెలీకుండా కోస్తావు."

"ఎందుకండీ ఇంత పని?" అన్నాను నేను, అడగాల్సిన వాణ్ణి కాకపోయినా.

"ఘనం చేసేస్తే దాని మీద కూర్చుని చర్చికి ఎలా వెళ్తాం బాబూ," అన్నారు సుగుణమ్మ గారు. "పాలక్యాను పెట్టినా బండి బండే కదా."

మా బావ చెప్పులు విప్పాడు. హాక్సా బ్లేడు తీసి ట్యాంకు మీద పెట్టాడు. ఒక్క గీత కూడా పడకుండానే బ్లేడు కింద పెట్టి వచ్చి నా ముందు నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన నన్ను గట్టిగా ఒక మాట అనలేదు.

"ఒరే లక్ష్మణా, మీ ఆఫీసులో నిజం సెప్తే పని జరగదని నాలుగు రోజులు కూకోబెట్టి నేర్పారు. మరి ఏది సెప్తే జరుగుతాదో నువ్వు సెప్పరా. అంత సదూకున్నావు కదా."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. మర్నాడు ఆఫీసు తెరవకముందే వెళ్ళి నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివాను. అది రాసినవాళ్ళు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండరు. నిబంధన నలభై ఒకటిలో దొరికింది. స్వగృహ నిర్మిత వాహనము. ఇంటి షెడ్డులో ఒక వ్యక్తి సొంతంగా చేసిన కొత్త బండికి ప్రాచీనతతో పని లేదు, నమూనాతో పోలిక లేదు. చేసినవాడు నేనే చేశానని సంతకం పెడితే చాలు.

గడువు తీరిన రోజు రత్నం గారి పాత బండి ఘనాకారమైపోయినట్టు ఫైలు మూశాను. డైరెక్టరు గారు ఘనం చూపించమన్నారు. రైసుమిల్లు తుక్కుని మా బావ ఒక ఘనంగా కొట్టి పంపాడు. భానుమూర్తి గారు దాని నాలుగు వైపులా కొలిచి, నకిలీ ఇనుము ఇలాగే ఉంటుందని రాశారు. అదే రోజు మధ్యాహ్నం మా బావ రత్నం గారి బండిని తెలిసినవాళ్ళ ట్రాక్టరు ట్రక్కులో తెచ్చి ఎరువుల గోడౌను ముందు దించాడు. ఆటో ఎక్కలేని సుగుణమ్మ గారు అదే ట్రక్కులో కుర్చీ వేసుకుని వచ్చారు. రత్నం గారు ఆవిడ పక్కన నిలబడ్డారు. బండి ముందు డైరెక్టరు గారు నిలబడగానే నాకు గుబులు మొదలైంది. ఆయన ఈ బండిని ఇంతకుముందు మా బావ షెడ్డులో చూశారు.

"ఎక్కడో చూసినట్టుంది," అన్నారు.

"పాతోటిని సూసి సేశానండి," అన్నాడు మా బావ. అబద్ధం అలవాటు లేని మనిషి. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎన్నాళ్ళు పట్టింది?"

"రెండు నెల్లండి."

సాక్ష్యం అడుగుతారని నేను ఎదురుచూశాను. ఇందుకోసం దొంగ బిల్లులు, దొంగ చిత్రాలు ఒక కట్ట తయారుచేసి చొక్కాలో పెట్టుకున్నాను కూడా. నా కంగారు మా బావకీ ఉంది. ఆయనే ముందు బయటపడ్డాడు.

"నేనే సేశాననడానికి మరి కాయితాలు అయీ..."

"అక్కర్లేదయ్యా," అన్నారు డైరెక్టరు గారు, ట్యాంకు మీద వేలితో టకటకా కొట్టి. "చూస్తేనే తెలుస్తోంది. ఈ నున్నదనం, ఈ మెరుపు, ఇదంతా ఈ కాలం పని. పాతవాళ్ళ పనిలో ఒక నిండుదనం ఉండేది. మీ ఇంట్లో ఉన్న నమూనాని రోజూ చూస్తూ కూడా నీకు అది పట్టుబడలేదు."

మా బావ తల వంచుకుని, "ఇంకా నేర్చుకోవాలండి," అన్నాడు.

మా బావ సంతకం పెట్టాడు. నిర్మాత వీరభద్రాచారి, తయారైన సంవత్సరం ప్రస్తుత సంవత్సరం, విశేషాలు అన్నచోట డైరెక్టరు గారు తన చేత్తో రాశారు: "పురాతన శైలికి సాధారణ అనుకరణ." నేను ముద్ర వేశాను. మా ఆఫీసులో నేను సంతోషంగా వేసిన ముద్ర అదొక్కటే.

బండిని మా బావ రత్నం గారికి ఇచ్చినట్టు ఇంకో కాగితం రాశాము. రత్నం గారు ధ్రువపత్రం తీసుకుని వెనక్కీ ముందుకీ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. సుగుణమ్మ గారు ట్రక్కు మీంచి తిన్నగా బండి సీటు మీదకి మారారు. ఒక్క కిక్కుకే ఇంజను అందుకుంది. డెబ్బై ఏళ్ళ ఇంజను అంత ఒద్దికగా పలుకుతుంటే గోడౌను హమాలీలు కూడా బస్తాలు దించి చూశారు.

"కొత్త బండి కాబట్టి పదిహేనేళ్ళు చెల్లుతుంది," అన్నారు డైరెక్టరు గారు, శబ్దానికి గొంతు పెంచి. "గడువు కాగానే మళ్ళీ పరీక్షకి తీసుకురావాలి."

"అలాగేనండి, తెస్తాను," అన్నారు డెబ్బై తొమ్మిదేళ్ళ రత్నం గారు గేరు వేస్తూ. "ఈలోగా తమరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి."